దీపం అదే, రోడ్డు వేరు: వీధి దీపాల వెలుగుపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వీధి దీపాల గురించి మాకు అందే ఉత్తరాల్లో చాలావరకు దీపం ఎన్ని వాట్లు, స్తంభం ఎంత ఎత్తు అన్న విషయాల చుట్టూనే తిరుగుతుంటాయి. ఆ దీపం కింద పరచుకొని ఉన్న రోడ్డును గురించి అడిగేవారు తక్కువ. ఈ సంచికలో అలాంటి ఉత్తరాలను మాత్రమే ఏరి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా ఇంటి ముందు రోడ్డు మీద ఈ మధ్య కొత్తగా తారు వేశారు. స్తంభాలూ దీపాలూ పాతవే. అయినా రాత్రిపూట రోడ్డు మునుపటికంటే చీకటిగా కనిపిస్తోంది. లక్స్ మీటరుతో కొలిస్తే అంకె మాత్రం మారలేదు. తప్పు మీటరుదా, నా కళ్లదా?

జవాబు: ఎవరిదీ కాదు. మీటరూ మీ కళ్లూ వేర్వేరు సంగతులు చెబుతున్నాయి. రోడ్డు మీద ఒక చదరపు మీటరుకు ఎంత కాంతి వచ్చి పడుతోందో లక్స్ మీటరు చూపుతుంది. దాన్ని ఇల్యూమినెన్స్ అంటారు. అలా పడిన కాంతిలో ఎంత భాగం రోడ్డు నుంచి వెనుదిరిగి మీ కంటి వైపు వస్తోందో తెలిపేది లూమినెన్స్. దాన్ని చదరపు మీటరుకు ఇన్ని క్యాండెలాలని లెక్కిస్తారు. రోడ్డు వెలుగుగా ఉందనో చీకటిగా ఉందనో కన్ను చెప్పే తీర్పు ఈ రెండోదాన్ని బట్టే ఉంటుంది. లూమినెన్స్‌ను ఇల్యూమినెన్స్‌తో భాగిస్తే వచ్చే అంకెను లూమినెన్స్ గుణకం అంటారు. మీ వీధిలో మారింది ఆ గుణకం.

కొత్తగా వేసిన తారు రోడ్డులో ప్రతి కంకర రాయి మీదా పలుచని బిటుమెన్ పొర అంటుకొని ఉంటుంది. ఆ పొర నల్లనిది కాబట్టి కాంతిని ఎక్కువగా మింగేస్తుంది; నునుపైనది కాబట్టి మిగిలిన కాంతిని అన్ని వైపులకూ చెదరగొట్టకుండా, వచ్చిన దిశకు ఎదురు దిశలోకి జారవిడుస్తుంది. నెలల తరబడి టైర్లు రాసుకోగా పైపొర అరిగి రాయి బయటపడుతుంది, ఎండకూ గాలికీ తారు కూడా వెలిసి బూడిదరంగుకు తిరుగుతుంది, అప్పుడు రోడ్డు కొంత తెల్లబడుతుంది. సిమెంటు రోడ్డుది దీనికి తలకిందుల కథ: మొదట తెల్లగా మెరుస్తూ ఉండి, టైర్ల రబ్బరూ నూనె మరకలూ పట్టి క్రమంగా నల్లబడుతుంది.

తేడా ఎంత ఉంటుందో ఒక చిన్న లెక్కలో చూడవచ్చు. రెండు రోడ్ల మీదా సగటున 15 లక్స్ పడుతోందనుకుందాం. గుణకం సగటున 0.10 ఉన్న లేతరంగు రోడ్డు మీద లూమినెన్స్ చదరపు మీటరుకు సుమారు 1.5 క్యాండెలాలు అవుతుంది. అదే గుణకం 0.07 ఉన్న మామూలు తారు రోడ్డు మీద 1.05 దగ్గరే ఆగిపోతుంది. కరెంటు ఖర్చు రెండుచోట్లా ఒకటే.

ప్రశ్న: రోడ్డు ఎంత మెరుస్తోందన్నది అంత ముఖ్యమా? మనం చూడవలసింది రోడ్డు మీద ఉన్న మనిషిని, గుంతను, పశువును కదా?

జవాబు: వాటిని చూడడానికే రోడ్డు వెలుగు కావాలి. వాహనం నడిపేవారికి దూరాన ఉన్న మనిషి చాలా సందర్భాల్లో వెలుగుతున్న రోడ్డు మీద నల్లని ఆకారంగా కనిపిస్తాడు. బట్టల రంగు, ముఖం తెలియకపోయినా అక్కడేదో అడ్డం ఉందని తెలిసిపోతుంది. 1930ల్లో బ్రిటన్‌కు చెందిన దీపాల ఇంజనీరు వాల్‌డ్రమ్ ఈ ఆలోచనను శాస్త్రీయంగా ముందుకు తెచ్చారు. ఒక దీపాల వరుస రోడ్డు మీది అడ్డంకులను ఏ మేరకు బయటపెట్టగలదో లెక్కగట్టే పద్ధతిని ఆయన 1938లో వివరించారు. వాహనాల రోడ్లకు దీపాల నాణ్యతను లక్స్‌లలో కాక లూమినెన్స్‌లో నిర్దేశించే నేటి పద్ధతికి మూలం ఈ ఆలోచనే.

అంతర్జాతీయ ప్రకాశ సంఘం, అంటే సి.ఐ.ఇ., 2010లో వెలువరించిన సిఫార్సుల్లో వాహనాల రోడ్లను ఎం1 నుంచి ఎం6 వరకు ఆరు తరగతులుగా విభజించింది. ఎం1కు సగటు లూమినెన్స్ చదరపు మీటరుకు 2.0 క్యాండెలాలు ఉండాలి. తర్వాతి తరగతులకు వరుసగా 1.5, 1.0, 0.75, 0.5, 0.3 చాలు. సగటు సరిపోయినంత మాత్రాన పని పూర్తి కాదు. రోడ్డు మీద అతి తక్కువ వెలుగున్న చోటును సగటుతో భాగిస్తే వచ్చే నిష్పత్తి పై నాలుగు తరగతుల్లో 0.40కు తగ్గకూడదు, ఎందుకంటే రెండు వెలుగు మడుగుల మధ్య మిగిలిపోయిన చీకటి పట్టీలో నిలబడిన మనిషి ఆ చీకటిలోనే కలిసిపోతాడు.

ప్రశ్న: నేను సివిల్ ఇంజనీరింగ్ చదువుతున్నాను. వీధి దీపాల డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో రోడ్డు రకం అనే చోట ఆర్1, ఆర్2, ఆర్3, ఆర్4 అన్న నాలుగు పేర్లు కనిపించాయి. మా సీనియర్లు ఎప్పుడూ ఆర్3 పెట్టేయమంటారు. వాటి వెనుక ఏముంది?

జవాబు: ఒక్కో పేరు వెనుక 396 అంకెల పట్టిక ఉంది. దాన్ని ఆర్-పట్టిక అంటారు. ఒక దీపం నుంచి రోడ్డు మీది ఒక బిందువుకు వచ్చే కాంతి ఎంత వాలుగా పడుతోంది, డ్రైవరు చూపు సాగే దిశకు ఏ పక్కనుంచి వస్తోంది అన్న రెండు కోణాలను బట్టి, ఆ బిందువు కంటికి ఎంత వెలుగును తిప్పి పంపుతుందో ఆ అంకెలు చెబుతాయి. అచ్చులో చదవడానికి వీలుగా ఉండాలని అసలు విలువలను పదివేలతో హెచ్చించి ఇస్తారు.

కంటి స్థానాన్ని మాత్రం స్థిరంగా పెట్టుకున్నారు. కన్ను నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తున ఉంటుందని, చూపు రోడ్డుతో 1 డిగ్రీ కోణం చేస్తుందని ఊహ. అంటే డ్రైవరు చూసేది సుమారు 86 మీటర్ల దూరంలో ఉన్న బిందువును. ఈ ఊహ వల్ల లెక్క చాలా తేలికవుతుంది: దీపం ఆ బిందువు వైపు పంపే కాంతి తీవ్రతను పట్టికలోని విలువతో హెచ్చించి, దీపం ఎత్తు వర్గంతో భాగిస్తే ఆ దీపం వల్ల కలిగే లూమినెన్స్ వస్తుంది. చుట్టుపక్కల దీపాలన్నిటికీ ఇలాగే చేసి కూడితే ఆ బిందువు లెక్క పూర్తవుతుంది.

ఒకే ఒక్క దీపంతో దీన్ని చేసి చూడండి. దీపం 8 మీటర్ల ఎత్తున ఉంది, మనం తీసుకునే రెండు దిశల్లోనూ 3,000 క్యాండెలాల తీవ్రతను పంపుతోంది అనుకుందాం. ఆర్3 పట్టిక ప్రకారం దీపానికి నేరుగా కిందనున్న బిందువుకు విలువ 0.0294. అక్కడ పడే కాంతి 47 లక్స్, లూమినెన్స్ 1.38. ఇప్పుడు దీపం నుంచి డ్రైవరు వైపు 16 మీటర్లు ఇవతలికి రండి. అక్కడ పడే కాంతి 4 లక్స్‌ను కొద్దిగా దాటుతుంది, అంటే మొదటిదానిలో పదకొండో వంతు కూడా కాదు. కానీ ఆ దిశకు పట్టికలోని విలువ మొదటిదానికి 1.11 రెట్లు, అంటే సుమారు 0.0326, లూమినెన్స్ 1.53 వస్తుంది. తక్కువ కాంతి పడిన చోటే కంటికి ఎక్కువ వెలుగుగా తోస్తుంది. లక్స్ మీటరు పట్టుకొని రోడ్డంతా తిరిగినా ఈ సంగతి బయటపడదు. దీపానికి ఇవతల డ్రైవరు వైపు సాగినట్టు కనిపించే పొడవాటి వెలుగు చార ఇలా పుట్టిందే.

ఆ 1.11 అన్న నిష్పత్తికి ఎస్1 అని పేరు. రోడ్డు ఎంత నునుపుగా, అద్దం లక్షణంతో ఉందో అది తెలుపుతుంది, 0.42 లోపు ఉంటే ఆర్1, అక్కడి నుంచి 0.85 లోపు ఆర్2, 1.35 లోపు ఆర్3, ఆపైన ఆర్4. రెండో కొలత క్యూ0, అంటే అన్ని దిశలనూ కలిపి తీసిన సగటు లూమినెన్స్ గుణకం. రోడ్డు మొత్తంమీద ఎంత లేతరంగుగా ఉందో ఇది చెబుతుంది. ప్రామాణిక పట్టికల్లో ఆర్1కు 0.10, ఆర్2, ఆర్3లకు 0.07, ఆర్4కు 0.08 తీసుకున్నారు. సిమెంటు రోడ్లు సాధారణంగా ఆర్1లోకి, కొన్ని నెలలు వాడకంలో అరిగిన గరుకు తారు రోడ్లు ఆర్3లోకి, బాగా నునుపైన తారు ఆర్4లోకి వస్తాయని చెబుతారు. మీ సీనియర్లు ఆర్3 పెట్టమనడం ఈ అలవాటు వల్లే. ఏమీ తెలియనప్పుడు అది చెడ్డ ఎంపిక కాదు. కాకపోతే ఏమీ తెలియకుండా డిజైన్ చేయడమే మంచి పద్ధతి కాదు.

ప్రశ్న: ఆ పట్టికలు నిజమైన రోడ్లను కొలిచి తయారుచేసినవే కదా, మళ్లీ కొలవడం ఎందుకు?

జవాబు: నిజమైన రోడ్లనే కొలిచారు, కానీ ఆ నమూనాల్లో ఎక్కువ భాగం యూరప్‌లో 1960, 1970 దశకాల్లో తీసినవి. ఆ తర్వాత కంకర కూర్పు మారింది, నీరు ఇంకిపోయే రంధ్రాల తారు వచ్చింది, సన్నకంకరతో వేసే పలుచని పైపొరలు వచ్చాయి. సోడియం దీపాల స్థానంలోకి ఎల్‌ఈడీలు వచ్చాయి. పట్టికలు మాత్రం దాదాపు అవే నిలిచి ఉన్నాయి.

దీనివల్ల జరిగే పొరపాటు చిన్నదేమీ కాదు. ఎం3 తరగతి రోడ్డుకు 1.0 క్యాండెలా రావాలని, క్యూ0 0.07 అని నమ్మి ఒక డిజైన్ చేశారనుకుందాం. అసలు రోడ్డు క్యూ0 0.05 అయితే వచ్చే వెలుగు 0.71 మాత్రమే, అంటే ఎం3 మాట అటుంచి, దాని కింది తరగతికి కావలసిన 0.75 కూడా అందలేదు. అసలు విలువ 0.09 అయితే 1.29 వస్తుంది, అంటే దీపాల వెలుగును ఐదోవంతుకు పైగా తగ్గించినా సరిపోయేది. ఎల్‌ఈడీ దీపాల వెలుగును ఒక్క ఆదేశంతో తగ్గించగలిగే ఈ రోజుల్లో, ఎంతవరకు తగ్గించవచ్చో తెలియక ఆ సౌకర్యాన్ని వాడకుండా వదిలేయడం నాకు వృథాగానే తోస్తుంది.

ఇందులో కొంత సర్దుబాటుకు వీలుంది. కొలిచిన క్యూ0 చేతిలో ఉంటే ప్రామాణిక పట్టికలోని విలువలన్నిటినీ అదే నిష్పత్తిలో పెంచడమో తగ్గించడమో చేస్తారు. సగటు వెలుగు లెక్క దీనితో దారికి వస్తుంది. అయితే పట్టిక ఆకారం, అంటే ఏ దిశ నుంచి వచ్చిన కాంతిని ఎంత తిప్పి పంపుతుందన్న తీరు, దీనితో సరికాదు. ఎస్1 కూడా కేవలం రెండు దిశల విలువల నిష్పత్తి. అది సమానంగా ఉన్న రెండు రోడ్లు మిగిలిన దిశల్లో ఎంతో తేడాగా ప్రవర్తించవచ్చు. వెలుగు రోడ్డంతా సమంగా పరచుకుందా లేదా అన్న లెక్కలు గాడి తప్పేది ఎక్కువగా ఇక్కడే.

1 డిగ్రీ అన్న ఊహ కూడా వేగంగా పోయే వాహనానికి సరిపోయేదే. ఊళ్లో నెమ్మదిగా వెళ్లే డ్రైవరు మరింత దగ్గరకు చూస్తాడు, సైకిలు మీద వెళ్లేవారు ఇంకా దగ్గరకు చూస్తారు. ఈ ప్రశ్నలన్నిటినీ ముందు పెట్టుకొని యూరప్‌లోని కొలతల సంస్థలు కొన్ని, ఇటలీ జాతీయ కొలతల సంస్థ నాయకత్వంలో, 2017లో సర్ఫేస్ అనే పేరుతో ఉమ్మడి పరిశోధన మొదలుపెట్టాయి. నేటి రోడ్ల కొలతలను సేకరించడం, 1 డిగ్రీకి తోడు పట్టణాలకు తగిన మరికొన్ని చూపు కోణాలను పరిశీలించడం, కొలిచే యంత్రాలు ఒకదానితో మరొకటి పొసిగేలా చూడడం దాని లక్ష్యాలు.

ప్రశ్న: అసలు దీన్ని కొలవడం ఎలా? ఫోన్ కెమెరాతో కుదురుతుందా?

జవాబు: పూర్తి పట్టిక కావాలంటే రోడ్డు నుంచి ఒక ముక్కను కోసి ప్రయోగశాలకు తీసుకెళ్లాలి. అక్కడ గోనియోఫోటోమీటర్ అనే యంత్రం మీద దాన్ని బిగించి, ఒక దీపాన్ని వందలాది స్థానాలకు జరుపుతూ, 1 డిగ్రీ వాలులో పెట్టిన డిటెక్టరుతో ఒక్కో విలువను నమోదు చేస్తారు. చెప్పడానికి ఇంతే, చేయడం కష్టం. 10 సెంటీమీటర్ల పొడవున్న ముక్కను 1 డిగ్రీ కోణంలో చూస్తే డిటెక్టరుకు అది 1.75 మిల్లీమీటర్ల సన్నని గీతలా కనిపిస్తుంది. ముక్కను బిగించడంలో అర డిగ్రీ తేడా వస్తే చూపు కోణం సగానికి పడిపోతుంది, లేదా ఒకటిన్నర రెట్లవుతుంది. పైకి పొడుచుకు వచ్చిన ఒక్క కంకర రాయి తన వెనుకనున్న చాలా భాగాన్ని కప్పేస్తుంది. అందుకే ఒకే రోడ్డు నుంచి ఒకటికి మించి ముక్కలు తీసి చూడాలి. వాటిని బండి చక్రాలు నడిచే దారిలోంచి తీశారా, రెండు చక్రాల మధ్య నుంచి తీశారా అన్నది కూడా రాసి పెట్టాలి, ఎందుకంటే అరుగుదల రెండుచోట్లా ఒకటి కాదు.

రోడ్డును కోయకుండా, అక్కడికే తీసుకెళ్లి కొలిచే యంత్రాలూ ఉన్నాయి. ఫ్రాన్స్‌లో తయారైన కొలురూట్ అలాంటిది. పెట్టెలాంటి ఆ యంత్రాన్ని రోడ్డు మీద పెడితే, లోపలి చిన్న దీపాలు ఒకదాని తర్వాత ఒకటి వేర్వేరు దిశల నుంచి వెలుగుతాయి. కొన్ని దిశల్లో వచ్చిన విలువల నుంచి మిగిలిన పట్టికను లెక్కతో పూరిస్తారు. ప్రయోగశాలంత ఖచ్చితత్వం దీనికి ఉండదు. అయితే ఒక రోడ్డు మీద పది చోట్ల కొలిచి, చోటుచోటుకూ మధ్య తేడాను కూడా చూపగలగడం నా దృష్టిలో ఎక్కువ విలువైనది.

ఫోన్ విషయానికి వస్తే, మామూలుగా తీసిన ఫొటో పనికిరాదు. వెలుగు తక్కువైతే ఫోన్ తనంతట తానే ఎక్స్‌పోజరు పెంచుతుంది, తర్వాత చిత్రాన్ని కంటికి ఇంపుగా దిద్దుతుంది. రా ఫైలుగా, అంటే ఫోన్ దిద్దని అసలు చిత్రంగా, ఎక్స్‌పోజరును స్థిరంగా బిగించి తీసి, అదే దృశ్యాన్ని లూమినెన్స్ మీటరుతో కొలిచి పోల్చుకుంటే ఒక చోటుకూ మరో చోటుకూ మధ్య తేడాలు తెలుస్తాయి.

రోడ్డు లేతరంగుదా ముదురుదా అన్నంత వరకు చాలనుకుంటే మరో దారి ఉంది. ఆకాశం దట్టంగా మబ్బు పట్టిన రోజున, పక్కన ఎత్తయిన గోడలు, చెట్లు లేని చోట, పొడిగా ఉన్న రోడ్డును డ్రైవరు కంటి ఎత్తు నుంచి దూరంగా చూస్తూ లూమినెన్స్ మీటరుతో కొలిచి, దాన్ని నేలపై పెట్టిన లక్స్ మీటరు అంకెతో భాగించండి. అన్ని వైపుల నుంచీ వచ్చే కాంతి కింద రోడ్డు గుణకం, అంటే క్యూడి, స్థూలంగా చేతికి వస్తుంది. ఇది క్యూ0తో సమానం కాదు, మబ్బు ఆకాశం కూడా అన్ని దిక్కుల్లో ఒకే వెలుగుతో ఉండదు. అయినా కొత్త తారుకూ అరిగిన సిమెంటుకూ మధ్య తేడా దీనిలో దాగదు.

ప్రశ్న: వాన కురిసిన రాత్రి దీపాలన్నీ వెలుగుతున్నా రోడ్డు కనిపించదు. దీనికి డిజైన్‌లో పరిష్కారం లేదా?

జవాబు: వాన నీరు రోడ్డు గరుకుదనాన్ని కప్పేసి, నూనె రాసిన పలకలా మార్చేస్తుంది. వచ్చిన కాంతి చెదరకుండా జారిపోతుంది కాబట్టి దీపాల ఎదురుగా కళ్లు చెదిరే చారలు, వాటి పక్కనే కటిక చీకటి మిగులుతాయి. విచిత్రమేమిటంటే సగటు లూమినెన్స్ పొడి రోడ్డు కంటే పెరుగుతుంది కూడా; కాబట్టి సగటును చూసి మోసపోకూడదు. తడి రోడ్లకు డబ్ల్యూ1 నుంచి డబ్ల్యూ4 వరకు వేరే పట్టికలున్నాయి. సి.ఐ.ఇ. సిఫార్సుల్లో తడి రోడ్డు మీద అతి తక్కువ వెలుగుకూ సగటుకూ మధ్య నిష్పత్తి 0.15 ఉంటే చాలన్నారు. పొడి రోడ్డు మీద అడిగే 0.40తో పోలిస్తే ఇది ఎంత రాజీయో మీరే చూడండి. స్తంభాలను దగ్గర చేయడం, రోడ్డుకు రెండు వైపులా దీపాలు పెట్టడం కొంత మేలు చేస్తాయి. నా మట్టుకు నేను రోడ్డు వేసేవారి వైపే చూస్తాను. నీరు నిలవని వాలు, నీటిని లోపలికి ఇంకించుకునే రంధ్రాల తారు ఇక్కడ దీపాల కంటే ఎక్కువ పని చేస్తాయి.

ప్రశ్న: ఎల్‌ఈడీ తెల్లని వెలుగుకూ సోడియం పసుపు వెలుగుకూ రోడ్డు ఒకేలా స్పందిస్తుందా?

జవాబు: ఇంచుమించు. చాలా రోడ్లు నీలం కంటే పసుపు, ఎరుపు వైపు కాంతిని కొద్దిగా ఎక్కువ తిప్పి పంపుతాయి, కాబట్టి ఈ ఒక్క విషయంలో సోడియానికి స్వల్పమైన మొగ్గు ఉంది. రోడ్డు రకాన్ని తప్పుగా ఊహించడం వల్ల వచ్చే తేడా ముందు ఇది పెద్ద లెక్క కాదు. ఎర్రరాయి వంటి రంగు కంకర వాడిన చోట మాత్రం విడిగా చూసుకోవాలి.

ప్రశ్న: అలాంటప్పుడు దీపాలు పెంచే బదులు రోడ్డునే తెల్లగా వేయవచ్చు కదా?

జవాబు: వేయవచ్చు, వేశారు కూడా. డెన్మార్క్‌లో సినోపాల్ అనే కృత్రిమ తెల్ల కంకరను తయారుచేసి తారులో కలిపారు. ప్రామాణిక తరగతుల వర్ణనల్లో ఆర్1 కింద ఇలాంటి కంకర కలిపిన తారును కూడా చేర్చారు. మామూలు కంకరలోనే లేతరంగు రాయిని ఎంచుకున్నా తేడా కనిపిస్తుంది, అయితే పైనున్న బిటుమెన్ పొర అరిగి రాయి బయటపడిన తర్వాతే. రాయిని ఎంచుకొనేటప్పుడు రంగుకంటే ముందు టైరు జారకుండా పట్టు ఇస్తుందా, బరువుకు నలగకుండా నిలుస్తుందా అన్నవి చూస్తారు, అలా చూడడమే సరి. ఆ పరీక్షల్లో నెగ్గిన రెండు రకాల కంకర చేతిలో ఉన్నప్పుడు, రెండింటితోనూ చిన్న ముక్కలు వేయించి క్యూ0 కొలిపించి, దీపాల ఖర్చును కూడా కలిపి లెక్క చూడమని రోడ్డు విభాగాన్ని దీపాల విభాగం అడగాలి. చిక్కల్లా ఈ రెండు విభాగాల టెండర్లు వేర్వేరు సంవత్సరాల్లో పిలవడం దగ్గరే వస్తుంది: దీపాల డిజైన్ జరిగే నాటికి రోడ్డు ఉండదు, రోడ్డు వేసే నాటికి స్తంభాలు పాతేసి ఉంటాయి. అలాంటి చోట ఉన్నంతలో మంచి పని, రోడ్డు ఒక ఏడాది అరిగిన తర్వాత కొలిచి, ఆ విలువతో లెక్కను మళ్లీ వేసి, ఎల్‌ఈడీల వెలుగును దానికి తగ్గట్టు సరిచేయడం.